సైకిలు కొన్న తరువాత కొనవలసినవి

హైదరాబాదు నగరపు నాచారము, మల్లాపురము పారిశ్రామికవాడలలో కర్మాగారముల గేట్ల యెదుట ఇప్పటికిని అక్కడక్కడ కానవచ్చు పాతకాలపు నల్ల సైకిలును నిదానముగా పరిశీలించినచో, దానిని రూపొందించినవారు ప్రయాణికుని అవసరములను ముందుగనే ఊహించి, వానికి తగిన పరికరములన్నింటిని బండిలో అంతర్భాగములుగా చేసిరని తెలియును. రెండు చక్రములకును ఇనుప మడ్‌గార్డులు, చైనును కప్పియుంచు రేకు కవరు, అన్నపు డబ్బా మొదలు బియ్యపు మూట వఱకు మోయగల క్యారేజి, బండిని నిట్టనిలువుగా నిలుపు రెండుకాళ్ల స్టాండు, వెనుక చక్రపు చువ్వల నడుమ దూరు రింగు తాళము, హ్యాండిలుపై గంట, టైరును ఒరసికొని తిరుగుచు దీపమునకు విద్యుత్తునిచ్చు డైనమో, వీనిలో కొన్ని కార్ఖానాలోనే బిగింపబడి వచ్చెడివి. కొన్నింటిని దుకాణదారుడు అమ్మునపుడే తగిలించి యిచ్చెడివాడు. 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు స్థాపితమైన నాటి నుండి రెండు మూడు తరములవారికి సైకిలనగా ఈ సమస్తాలంకృతమైన బండియే. దానిని కొన్నవాడు ఆ సాయంకాలమే దానిపై కూరగాయలు తెచ్చుకొనగలిగెడివాడు.

నేడు ఉప్పలులోను, హబ్సిగూడలోను, నాచారపు కాలనీలలోను ఆరోగ్యాభిలాషతో, లేక మెట్రో స్టేషను వఱకు పోయివచ్చుటకై యువకులును నడివయస్కులును కొనుచున్న హైబ్రిడ్ సైకిలు సంగతి వేఱు. పందెపు సైకిలు యొక్క పెద్ద చక్రములను, కొండదారుల సైకిలు యొక్క నిటారైన హ్యాండిలును, ఆ రెంటికిని మధ్యస్థమైన 32 మొదలు 42 మిల్లీమీటర్ల వెడల్పుగల టైర్లను ఒక్కచోట కూర్చి చేసిన బండి యిది. ట్రెక్ ఎఫ్.ఎక్స్., డెకాథ్లాన్ వారి రివర్‌సైడ్, ఫైర్‌ఫాక్స్ వారి పలు నమూనాలు ఈ జాతివి. పాత సైకిలు ఇరువది కిలోలకు పైబడి తూగుచుండగా ఇది పండ్రెండు మొదలు పదునైదు కిలోల లోపల తూగును; గేర్లుండును; వేగము సులభసాధ్యము. అయితే ఆ తేలికతనము కొఱకును, ధర తగ్గించుట కొఱకును, తయారీదారులు పైన చెప్పిన పరికరములలో అనేకములను తీసివైచిరి. పెక్కు నమూనాలు మడ్‌గార్డు, తాళము, దీపము, క్యారేజి యనునవి లేకయే యింటికి వచ్చును. కొన్నింటికి స్టాండు సైతము ఉండదు. కావున హైబ్రిడ్ కొన్నవారు తరువాత కొనవలసిన సామగ్రి యంతయు చాల వఱకు ఏ విలాసమును కాదు. కార్మికుని సైకిలునకు సహజముగా ఉండినదానిని ఈ బండికి తిరిగి సమకూర్చుట మాత్రమే. ఈ దృష్టితో చూచినపుడు ఏది ముందు, ఏది వెనుక యను ప్రశ్నకు దుకాణపు అద్దాల బీరువా గాక మన వీథియే సమాధానము చెప్పును.

ఈ ప్రాంతపు దారుల స్వభావము నెఱిగినవారికి ఆ సమాధానము తెలియనిది కాదు. నాగోలు నుండి ఉప్పలు, హబ్సిగూడ, తార్నాకల మీదుగా సాగు మెట్రో స్తంభముల క్రింద ఇరువైపుల బస్సులును ఆటోలును ఒరసికొని పోవుచుండును. వరంగల్లు రహదారిపై ఉప్పలు నుండి నారపల్లి వఱకు 2018లో ఆరంభమైన ఫ్లైఓవరు నిర్మాణము ఏండ్ల తరబడి సాగినందున ఆ దారిన దుమ్మును గుంతలును నిత్యసహచరములైనవి. నాచారపు పారిశ్రామికవాడలో లారీల నుండి రాలిన మేకులు, ఇనుప రజను, అరిగిన టైర్లలోని సన్నని తీగ ముక్కలు రోడ్డు అంచున చేరును. సైకిలు సవారి పోవలసినదియు ఆ యంచుననే. మూసీ వైపున ఉప్పల్ భాగాయత్ లేఅవుటులో విశాలమైన రోడ్లు కలవుగాని, ఖాళీ ప్లాట్ల నుండి ముండ్లు రోడ్డెక్కును. నగరపు పడమటి కొసన ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌర ఫలకముల నీడలో, 2023లో తెఱవబడిన సైకిలు బాట ప్రశంసనీయమైనదే. కాని ఉప్పలువాసి దానిని చేరవలెనన్న నగరమునంతయు అడ్డముగా దాటవలెను. అందుచేత ఈ తూర్పు వాడలలో సవారి చేయువానికి బాట చేయని సంరక్షణమును సామగ్రియే చేయవలసియున్నది.

సామగ్రిలో ప్రథమ గణ్యమైనది గాలి. హెల్మెట్టు గాక గాలి యేల యని కొందఱు ఆశ్చర్యపడవచ్చును. హెల్మెట్టు ఆవశ్యకతను ఎవ్వరును మఱువరు, దుకాణదారుడే గుర్తుచేయును. గాలి సంగతి మాత్రము మొదటి పంక్చరు పడి, నాచారము నుండి మౌలాలి పోవు దారిలో బండిని నడిపించుకొని పోవునంతవఱకు ఎవ్వరికిని తోచదు.

అట్లు నడిపించుకొని పోవలసివచ్చుటకు కారణము ట్యూబు ముక్కులో ఉన్నది. మన పాత సైకిలు ట్యూబునకు ఇత్తడి ముక్కు, దానిలో సన్నని రబ్బరు వాల్‌ట్యూబు తొడిగిన పుల్ల యుండును. ఆ వాల్‌ట్యూబు ముక్కను అంగుళమంత కత్తిరించి యిచ్చెడి సైకిల్ టాక్సీ దుకాణములు, అనగా గంటల లెక్కన సైకిళ్లను కిరాయికిచ్చెడి దుకాణములు, ఒకప్పుడు తెలంగాణలో ప్రతి బస్తీలోను ఉండెడివి. హైబ్రిడ్ సైకిళ్లకు ఆ ముక్కు ఉండదు. కొన్నింటికి మోటారు సైకిలునకు ఉండు మోటు ముక్కు, ష్రేడర్ యనునది, ఉండును; కొన్నింటికి ఆఱు మిల్లీమీటర్ల మందముతో, కొసన చిన్న ఇత్తడి మరతో, పొడవుగా నిలుచు ప్రెస్టా యను సన్నముక్కు ఉండును. మొదటిదైనచో ఉప్పలు రింగు రోడ్డుపై నున్న ఏ మోటారు సైకిలు పంక్చరు దుకాణములోనైనను గాలి కొట్టించుకొనవచ్చును. రెండవదైనచో ఆ దుకాణపు గొట్టము దానికి పట్టదు. దాని కొఱకు బొటనవ్రేలి గోరంత ఇత్తడి అడాప్టరు కలదు. స్వల్పమైన ధరకు లభించును. దానిని ముక్కునకే తగిలించి పెట్టుకొనిన యెడల సన్నముక్కు మోటు ముక్కుగా మారును. ఇంత చౌకగా ఇంత యుపకారము చేయు వస్తువు సైకిలు సామగ్రిలో మఱియొకటి లేదని నా యభిప్రాయము. అయితే కంప్రెసరుతో గాలి కొట్టించునపుడు ఒక జాగ్రత్త వలయును. సైకిలు ట్యూబు లోపలి స్థలము స్వల్పమగుటచే క్షణములో నిండి, క్షణములో పగులగలదు. కావున గాలి కొంచెము కొంచెముగా పట్టించి, వ్రేలితో నొక్కి చూచుకొనుచుండవలెను.

అన్నింటికంటె మేలైనది ఇంటిలో ఒక నిలువు పంపు, మీటరు గలదానిని, ఉంచుకొనుట. ట్యూబు రబ్బరు గుండ గాలి తనంతట తానే మెల్లమెల్లగా తప్పించుకొనును, వారమునకొకసారి చూచుకొనవలసినదే. ఎంత పట్టవలెనన్నది టైరు ప్రక్కన ఉబ్బెత్తు అక్షరములతో అచ్చువేసి యుండును. 35 లేక 38 మిల్లీమీటర్ల టైరునకు సామాన్యమైన బరువుగలవారు వెనుక 55, ముందు 45 లేక 50 పౌండ్ల పీడనము పెట్టుకొనిన చాలును. గాలి తక్కువైన బండి గుంతలో పడినపుడు ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి, ప్రక్కప్రక్కనే రెండు చిల్లులు పడును. అది పాము కాటు వలె కానవచ్చును. ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు పడునది ఒకే చిల్లు. చిల్లుల సంఖ్యను చూచి కారణమును గ్రహించుట యిట్లు సాధ్యము.

రెండవది మాఱు ట్యూబు. ఇచ్చట మన వీథి మెకానిక్కుల యనుభవమే మనలను తప్పుదారి పట్టించు సందర్భమొకటి కలదు. "అన్నా, ఇరవై ఎనిమిదే గద, పడ్తది తియ్యి" యని అతడు సద్భావముతోనే అనును. హైబ్రిడ్ చక్రమును కొందఱు 28 యనియు, కొందఱు 700 యనియు వ్యవహరించుటచే ఆ భ్రాంతి సహజము. వాస్తవమునకు పాత నల్ల సైకిలు 28 అంగుళముల టైరు కూర్చుండు రిమ్ము వ్యాసము 635 మిల్లీమీటర్లు. హైబ్రిడ్ రిమ్ము వ్యాసము 622. ఈ పదుమూడు మిల్లీమీటర్ల భేదముచే ఒకదాని టైరు రెండవదానిపై కూర్చుండదు. రబ్బరు సాగునది కావున ట్యూబును మాత్రము ఆపత్కాలమున సర్దుకొనవచ్చును. అప్పుడును సన్నముక్కు రిమ్మునకున్న రంధ్రము ఆఱున్నర మిల్లీమీటర్లే యగుటచే మోటు ముక్కు అందులో దూరదు. టైరు ప్రక్కన 37-622 యనునట్టి అంకెల జంట వ్రాసియుండును. మొదటిది వెడల్పు, రెండవది వ్యాసము. ట్యూబు కొనునపుడు ఈ జంటను కాగితముపై వ్రాసికొని పోవుటయే క్షేమము. అట్టి ట్యూబొకటి సంచిలో ఎల్లప్పుడు ఉండవలెను.

దానితోపాటు రెండు ప్లాస్టిక్ టైరు లివర్లు, చేతిలో పట్టు చిన్న పంపు, ప్యాచీలు, సొల్యూషను, గరుకు కాగితము గల చిన్న డబ్బా కూడ ఉండవలెను. పంక్చరు వేయుట నేర్చుకొనదగిన విద్య. చక్రమును ఊడదీసి, టైరు అంచు క్రింద లివరును దూర్చి ఒకవైపు మాత్రమే పైకి లేపి, ట్యూబును బయటకు లాగి, గాలి నింపి, బకెట్టు నీటిలో కొంచెము కొంచెముగా ముంచుచు పోయినచో ఒకచోట సన్నని బుడగల వరుస పైకి వచ్చును. అచ్చట బాల్‌పెన్నుతో గుర్తు పెట్టి, తుడిచి, ఆఱబెట్టి, గరుకు కాగితముతో ఆ చోటు నునుపు పోవునట్లు రాచి, సొల్యూషను పలుచగా పూసి, అది మెఱుపు తగ్గి చేతికి అంటని స్థితికి వచ్చువఱకు ఆగవలెను. ఈ ఆగుటయే ముఖ్యము. తొందరపడి తడిమీద అంటించిన ప్యాచి మఱునాటికే లేచిపోవును. అంటించిన పిమ్మట ట్యూబును వెంటనే లోపల పెట్టుట కూడ పొరపాటే. మొదట టైరు లోపలి భాగమును ఒక గుడ్డ ముక్కతో చుట్టును తుడువవలెను. గుడ్డ ఎచ్చట చిక్కుకొనునో అచ్చటనే ముల్లు దాగియున్నది.

ఆ ముల్లు ఉప్పల్ భాగాయత్ వైపు ఖాళీ స్థలములలో నైనచో తఱచు పల్లేరుకాయయే. నేలనంటి ప్రాకు పసుపు పూవుల పల్లేరు తీగ ఆయుర్వేదములో గోక్షురమను పేర ప్రసిద్ధము. దాని కాయ ఎట్లు పడినను ఒక ముల్లు పైకి నిలిచియే యుండును. ఈ మొక్కయే సముద్రములు దాటి అమెరికా పశ్చిమ రాష్ట్రములకు చేరి, అచ్చటి సైకిలు సవారులను కూడ పీడించుచున్నది. నాచారములోనైనచో ముల్లునకు బదులు ఇనుప తీగముక్క యుండును. అది కంటికి కనబడదు, గుడ్డకే పట్టుబడును. ఈ రెండు శత్రువులున్న చోట నివసించువారు కొత్త టైర్లు కొనవలసి వచ్చినపుడు లోపల ముండ్లను అడ్డగించు పట్టీగల రకమును ఎన్నుకొనుట మంచిది. బరువు కొంచెము హెచ్చును. మనశ్శాంతి మిక్కిలి హెచ్చును.

గాలి తరువాత దీపము. డైనమోల కాలములో ఆఱు వోల్టుల, మూడు వాట్ల విద్యుత్తుతో వెలిగెడి ఆ పసుపు దీపము బండి ఆగినపుడు తానును ఆఱిపోయెడిది. అయినను దీపము లేని సైకిలును పోలీసులు ఆపుదురను భయము ఆనాడు పట్టణములలో ఉండెను. నేడు ఆ భయము లేదుగాని, దీపము యొక్క అవసరము నూఱింతలైనది. ఛార్జి చేసికొను ఎల్.ఇ.డి. దీపములు సులభముగా దొరకుచున్నవి. ముందు తెల్లని దీపము, వెనుక ఎఱ్ఱని దీపము, రెండును వలయును. ఒకటి మాత్రమే కొనగలిగిన స్థితిలో వెనుకదానినే మొదట కొనుడని చెప్పుదును, ఏలయనగా వెనుక నుండి వచ్చు ప్రమాదమును సవారి చూడజాలడు. వీథిదీపములున్న హబ్సిగూడ రోడ్డుపై ముందు దీపము మనము కనబడుటకు మాత్రమే. దానికి నూఱు ల్యూమెన్ల కాంతి చాలును. దీపములు లేని లేఅవుటు దారులలో గుంతను మనము చూడవలెనన్న మూడు నాలుగు వందల ల్యూమెన్లు వలయును. అట్టి ప్రకాశవంతమైన దీపమును ఎదుటివాని కన్నులలోనికి గాక, పది పదునైదు అడుగుల దూరమున నేలపై పడునట్లు వంచి బిగించుట సవారి ధర్మము. బ్యాటరీ దీపమైనను రాత్రి మధ్యలో ఆఱిపోవచ్చును గనుక, ముందు వెనుకలను, పెడళ్లకు, చువ్వలకు రిఫ్లెక్టర్లుండుట ఎప్పటికిని అవసరమే. సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యతను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రత్యేకముగా ఉత్తరువు వెలువరించిన సంగతి స్మరింపదగినది. బండి అందము చెడునని వానిని ఊడదీయువారిని చూచినపుడు నాకు నిజముగా ఖేదము కలుగును.

హెల్మెట్టు విషయమున చట్టము మౌనము వహించినది. మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను మోటారు సైకిలువానినే నిర్బంధించును. మన తల యొక్క విలువను నిర్ణయించుటకు చట్టము అక్కఱలేదు. ఇంటిలోనున్న మోటారు సైకిలు హెల్మెట్టుతోనే సరిపుచ్చుకొందమను వారికి ఒక మాట. అది బరువైనది, గాలి చొరనిది. ఏప్రిలు, మే నెలల హైదరాబాదు ఎండలో త్రొక్కువాడు దానిని పది నిమిషములలోనే తీసి హ్యాండిలునకు తగిలించును. సైకిలు హెల్మెట్టు తేలికగా, కిటికీలతో ఉండును. లోపలి అట్ట మీద ఐరోపా ప్రమాణమైన ఇ.ఎన్. 1078 గాని, అమెరికా ప్రమాణమైన సి.పి.ఎస్.సి. గాని ముద్రింపబడి యుండవలెను. కనుబొమలకు రెండు వ్రేళ్ల ఎత్తున నిలిచి, పట్టీలు చెవి క్రింద కలిసికొని, గడ్డము క్రింద ఒక వ్రేలు మాత్రమే దూరునట్లు బిగిసియుండుట సరియైన కొలత. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టు పైకి చెక్కుచెదరకున్నను లోపలి నురుగు నలిగియుండును. దానిని మఱల ధరింపరాదు.

వర్షాకాలము రాగానే మడ్‌గార్డుల లోటు వీపున తెలియును. జూను నుండి సెప్టెంబరు వఱకు వెనుక చక్రము చిమ్మిన బురద నడుము నుండి మెడ వఱకు గీతగా పడును. బట్టలుతుకుట అటుంచి, ముందు చక్రము చిమ్మిన బురద చైనులోనికిని, ముఖముపైకిని వచ్చును. మురికికాలువలు పొంగి రోడ్డుపైకి వచ్చు మన వీథులలో ఆ బురదలో ఏమేమి కలిసియుండునో చెప్పనక్కఱలేదు. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టిలో ఇదే వరంగల్లు దారిలోని ఘటకేసరము వద్ద ఒక్క రోజున సుమారు 32 సెంటీమీటర్ల వర్షము నమోదైనది. రామంతాపురము, హబ్సిగూడ వీథులు నీట మునిగినవి. అట్టి దినమున ఏ మడ్‌గార్డును రక్షింపదు, బండి బయటకు తీయకుండుటయే రక్షణ. నిలిచిన నీటి క్రింద తెఱచిన మ్యాన్‌హోలు ఉండవచ్చును. కాని సామాన్యపు వానకు పూర్తి నిడివిగల ప్లాస్టిక్ మడ్‌గార్డులు చాలును. కొనునపుడు అవి మన టైరు వెడల్పునకు మించిన వెడల్పు గలవా, ఫ్రేములో వానిని బిగించు రంధ్రములున్నవా యని చూచుకొనవలెను. సీటు గొట్టమునకు తగిలించు పొట్టి రెక్కలు వీపును మాత్రమే కొంత కాపాడును.

ఇక చైను. పాత సైకిలు చైను కవరు చాటున ఏండ్ల తరబడి సుఖముగా జీవించెను. హైబ్రిడ్ చైను గేర్ల మధ్య అటునిటు మాఱవలసినది కావున దానికి నిండు కవరు సాధ్యము కాదు. నారపల్లి దారి దుమ్మంతయు దానిపైననే పడును. ఆ దుమ్ము నూనెతో కలిసి ఆకురాయి పిండిగా మాఱి గేరు పండ్లను అరగదీయును. మోటారు సైకిలు మెకానిక్కు వద్ద ఊరక దొరకు వాడిన ఇంజను ఆయిలును పూయుట ఇంకను తప్పు; అందులో లోహపు రజను ముందే కలదు, పైగా అది దుమ్మును ఆకర్షించును. కిరోసిను తడిపిన గుడ్డతో చైనును శుభ్రముగా తుడిచి, ఆఱిన తరువాత, సైకిలు చైను కొఱకే తయారైన నూనెను ఒక్కొక్క లంకెపై ఒక్కొక్క చుక్క చొప్పున వేసి, పెడలును వెనుకకు త్రిప్పి, కొంతసేపు ఆగి, పైన మిగిలినదానిని పొడిగుడ్డతో తుడిచివేయవలెను. నూనె ఉండవలసినది లంకె లోపల, పైన కాదు. ఎండకాలమునకు మైనము గల పొడి రకము, వానకాలమునకు చిక్కని తడి రకము తగును.

చైను ఎప్పుడు మార్చవలెనో తెలిసికొనుటకు పిల్లవాని బడిసంచిలోని స్కేలు చాలును. సైకిలు చైనులో ఒక సూది నుండి మఱియొక సూదికి సరిగా అర అంగుళము. కావున ఏదేని ఒక సూది నడిబొడ్డున సున్న పెట్టి కొలచినచో దాని తరువాతి ఇరువదినాలుగవ సూది నడిబొడ్డు సరిగా పండ్రెండవ అంగుళముపై ఉండవలెను. అది అంగుళములో పదునాఱవ వంతు ముందునకు జరిగియున్నచో చైను మాత్రము మార్చిన చాలును. ఎనిమిదవ వంతు జరుగువఱకు ఉపేక్షించిన యెడల, ఆ సాగిన చైను వెనుక గేరు పండ్లను కూడ తినివేసి యుండును. అప్పుడు రెండును మార్చవలసి వచ్చి ఖర్చు పెక్కింతలగును. సైకిలు కడుగునపుడు వాహనములను కడుగు పీడనపు గొట్టమును చక్రము నడిబొడ్డులపైకి త్రిప్పకుండుట మఱియొక నియమము. గుండ్రని ఉక్కు గుండ్లపై తిరుగు ఆ బేరింగుల విలువ మన ప్రాంతమువారికి చెప్పవలసిన పని లేదు; హెచ్.ఎం.టి. బేరింగ్స్ కర్మాగారము ప్రక్కనున్న మౌలాలిలోనే అట్టి బేరింగులను చేసినది. నీరు దూరి గ్రీజు కొట్టుకొనిపోయిన బేరింగు ఎంత గొప్ప కార్ఖానాలో పుట్టినను నిలువదు.

తాళము కొనునపుడు సన్నని తీగ తాళమును నమ్మరాదు. చేతి కట్టరుతో అది క్షణములో తెగును. ఇంగ్లీషు యు అక్షరపు ఆకారముగల గట్టి ఉక్కు తాళము కిలోకు పైగా తూగినను, మెట్రో స్టేషను క్రింద ఉదయము మొదలు సాయంకాలము వఱకు బండిని విడుచువానికి అదియే తగినది. దానిని చక్రమునకు మాత్రమే వేయుట వ్యర్థము; ఫ్రేమును, వెనుక చక్రమును, కదలని ఇనుప కడ్డీని కలిపి బంధింపవలెను. కొన్ని హైబ్రిడ్ల ముందు చక్రము ఒక మీటను లేపినంతనే ఊడివచ్చును. దాని కొఱకు అదనముగా ఒక గొలుసు ఉండుట మేలు. పెడలు ఇరుసు క్రింద ఫ్రేముపై చెక్కియున్న సంఖ్యను, కొనుగోలు రసీదును కొన్ననాడే ఫోటో తీసి భద్రపఱచుడు. దురదృష్టవశమున పోలీసు స్టేషనుకు పోవలసి వచ్చినపుడు "నల్ల సైకిలు" అనుటకంటె ఆ సంఖ్య ఎక్కువ ఉపకరించును.

గంట, అద్దము, నీళ్ల సీసా, చేతితొడుగులు మొదలైనవానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. గంట తప్పనిసరి. కుడివైపు హ్యాండిలు కొసన చిన్న అద్దము ఉప్పలు చౌరస్తా వంటి చోట నిజముగా ప్రాణరక్షకము. ఫ్రేముపై రెండు మరలతో బిగించు పంజరములో ముప్పాతిక లీటరు సీసా పట్టును. తొడుగులు అఱచేతుల తిమ్మిరిని తగ్గించుటయే గాక, పడినపుడు మొదట నేలను తాకు అఱచేతిని కాపాడును. వేకువజామున కాలనీ కుక్కలు వెంటబడినపుడు మాత్రము ఏ పరికరమును పనికిరాదు. దిగి, బండిని తమకును కుక్కకును నడుమ అడ్డుగా ఉంచుకొని, మెల్లగా నడచిపోవుటయే ఉపాయము.

సీటు నొప్పి పుట్టించుచున్నదని మెత్తని జెల్ కవరు కొనుటకు పరుగెత్తువారు పెక్కుమంది. మొదట సీటు ఎత్తును చూచుకొనుడు. గోడను పట్టుకొని సీటుపై కూర్చుండి, మడమను క్రిందికి వచ్చిన పెడలుపై పెట్టినపుడు కాలు నిటారుగా సాగవలెను; త్రొక్కునపుడు పాదపు ముందుభాగము పెడలుపై నుండును గనుక మోకాలు స్వల్పముగా వంగియుండును. ఇది రూపాయి ఖర్చు లేని సవరణ. తరువాత కూడ నొప్పి తగ్గనిచో లోపల మెత్త కుట్టిన లాగు, ఆ పిమ్మటనే వేఱు సీటు. మోకాళ్ల నొప్పులని సైకిలు మానివేసినవారిలో కొందఱికి సీటు క్రిందుగా ఉండుటయే కారణమని నేను గట్టిగా నమ్ముచున్నాను. ఫోను తగిలించు కొక్కెము మాత్రము ఈ వీథులలో కొనదగినది కాదు. గుంతను చూడవలసిన కన్ను తెరపై నుండుట ప్రమాదము.

క్యారేజి కావలెనన్నవారు తమ బండికి డిస్కు బ్రేకులున్నవా యని ముందుగా గమనింపవలెను. సామాన్యపు క్యారేజి కాలు ఆ బ్రేకునకు అడ్డు తగులును. దానికై కొంచెము ప్రక్కకు వంగిన కాళ్లుగల రకము వేఱుగా కలదు. కూరగాయల సంచిని హ్యాండిలునకు వ్రేలాడదీయుట మన చిరకాలపు అలవాటు. బండి తేలికయైనకొలది ఆ సంచి హ్యాండిలును ప్రక్కకు లాగుట హెచ్చును, చక్రపు చువ్వలలో చిక్కుకొనుటయు కద్దు. బరువు వెనుక క్యారేజిపై, ఇరువైపుల సమముగా ఉండుట క్షేమము.

చివరిది పనిముట్లు. మన వీథి మెకానిక్కు పెట్టెలో పానాలు ఎన్నియైనను ఉండును. హైబ్రిడ్ మరలు మాత్రము చాల వఱకు ఆఱు పలకల రంధ్రములు గలవి, ఆలెన్ కీతో తిరుగునవి. నాలుగు, ఐదు, ఆఱు మిల్లీమీటర్ల కీలు గల చిన్న మడత సెట్టు సంచిలో ఉన్నయెడల దారిలో వదులైన సీటునైనను, ప్రక్కకు తిరిగిన హ్యాండిలునైనను మనమే బిగించుకొనవచ్చును. కొన్న తరువాత మొదటి కొన్ని వారములలో కొత్త చువ్వలు తమ స్థానములలో సర్దుకొని కొంచెము సడలును, బ్రేకు తీగలు సాగును. కావున నెల తిరుగకముందే ఒకసారి బండిని చూపించుట అవశ్యము. అందుకు కొన్న పెద్ద దుకాణమునకే పోనక్కఱలేదు. నాచారములోనో, రామంతాపురములోనో చెట్టు క్రింద బండిని తలక్రిందుగా నిలిపి, వ్రేలిని రిమ్ము ప్రక్కన ఆనించి చక్రమును త్రిప్పుచు, ఎచ్చట అది వ్రేలిని తాకునో కనిపెట్టి, ఆ చోటి చువ్వను స్పోకు కీతో పావు చుట్టు మాత్రమే త్రిప్పి బెండు తీయు పనివాని హస్తకౌశలము ఏ సైకిలునకైనను ఒక్కటియే. అతని వద్ద 700 ట్యూబు లేకున్నచో, మన సంచిలోనిది గాక మఱియొకటి కొని అతనికే ఇచ్చి యుంచుట మంచిది.